టమాటాకి ఎండదెబ్బ

వేసవి వెళ్ళీ వెళ్ళకముందే టమాటా ధర కొండెక్కి కూర్చుంటుంది. దళారిని తిట్టుకుంటాం, ప్రభుత్వాన్ని తిట్టుకుంటాం. వాళ్ళ వంతు వాళ్ళకి చెందవలసిందే, కాదనను. కానీ అసలు గొడవ బజారుకి రాకముందే, పూత దగ్గరే మొదలవుతుందండీ!

టమాటా పుట్టిల్లు దక్షిణ అమెరికాలో ఆండీస్ కొండల వైపు. పగలు 32 డిగ్రీలు, రాత్రి 21 డిగ్రీలు దాటి రోజుల తరబడి అలాగే ఉంటే, చాలా రకాల్లో పుప్పొడి సత్తువ పోతుంది, పూత రాలిపోతుంది. మొక్క పచ్చగానే ఉంటుంది, కాయ మాత్రం ఉండదు. మన వైపు వేసవి టమాటా అనగానే మదనపల్లె పేరు చెప్పుకోవడానికి ఆ ఊరు కాస్త ఎత్తున, కాస్త చల్లగా ఉండడం కూడా ఒక కారణమే.

మరి మొక్క ఎండని చూస్తూ ఊరుకుంటుందా? ఊరుకోదు. ఆ సంగతి బయటపడిన కథ టమాటాతో కాదు, పండ్ల మీద ముసిరే చిన్న ఈగతో మొదలైంది.

1960 ప్రాంతంలో ఇటలీలో ఫెరూచియో రిటోసా అనే శాస్త్రజ్ఞుడు ఈ ఈగ పిల్లపురుగుల కణాలు పరీక్షిస్తుండేవాడు. తోటివారెవరో పురుగుల పెట్టెలో వేడి పెంచేశారు. మైక్రోస్కోపులో చూస్తే క్రోమోజోముల మీద మునుపు లేని చోట్ల ఉబ్బులు! వేడి తగలగానే కొన్ని జన్యువులు మేలుకొని పనిలోకి దిగాయన్నమాట. ఈ సంగతి ఓ పేరున్న పత్రికకి రాసి పంపితే, దీనివల్ల జీవశాస్త్రానికి ఒరిగేదేమీ లేదని తిప్పి పంపారట. చివరికి 1962లో మరో పత్రికలో అచ్చయింది. 1974లో ఆ జన్యువులు తయారుచేయించే ప్రొటీన్లు దొరికాయి. 1981 నాటికి సోయా మొలకల్లోనూ అలాంటివే కనిపించాయి. ఈగకీ మొక్కకీ ఒకటే ఉపాయం!

ఉపాయమేమిటంటే, వేడికి కణంలోని ప్రొటీన్లు మడతలు విడిపోయి ఒకదానికొకటి చుట్టుకుంటాయి, ఉడికిన గుడ్డులోలాగా. వాటిని చెయ్యిపట్టి నిలబెట్టే కాపలా ప్రొటీన్లు కొన్ని ఉన్నాయి. మామూలు రోజుల్లో ఇవి దండోరా వేసేవాణ్ణి కూడా పట్టుకుని కూర్చుంటాయి. ఎండ ముదరగానే, పడిపోతున్నవాళ్ళని లేపడానికి పరుగెత్తుతాయి. పట్టు వదలగానే వాడు వెళ్ళి జన్యువుల వాకిట డప్పు కొడతాడు: 'ఇంకా కాపలావాళ్ళు కావాలహో!' అని. కావలసినంతమంది రాగానే వాణ్ణి మళ్ళీ పట్టుకుంటారు, డప్పు ఆగుతుంది.

మొక్కల్లో ఈ డప్పులవాడి జన్యువు మొదట పట్టుబడింది టమాటాలోనే, 1990లో. జర్మనీ శాస్త్రజ్ఞుడు లుట్జ్ నోవర్ బృందం పట్టింది. 2002లో ఆ బృందమే వీళ్ళలో పెద్దవాడి నోరు నొక్కి చూసింది. ఆ టమాటా మొక్కలు వేడికి అసలు ఓర్చుకోలేకపోయాయి.

అయితే మొక్క బతకడం వేరు, కాయ కాయడం వేరు. పుప్పొడి మహా సుకుమారి, ఆకు తట్టుకున్న వేడిని అది తట్టుకోలేదు. 1971లో తైవాన్‌లో కూరగాయల కోసమే ఒక పరిశోధనా కేంద్రం పెట్టారు. వాళ్ళు నాలుగు వేల పైచిలుకు టమాటా రకాల్ని వేడిలో పెంచి చూస్తే, గట్టిగా నిలిచి కాసినవి నూటికి ఒకటైనా లేవు. నిలిచినవాటిలోనూ చాలావాటికి కాయలు చిన్నవి. వాటిని పెద్ద కాయల రకాలతో కలిపి, తరం తర్వాత తరం ఏరుకుంటూ వచ్చారు. ఆ సంస్థకి ఇప్పుడు మన హైదరాబాదు పక్కన పటాన్‌చెరులోనూ కార్యాలయం ఉంది.

ఇందులో మనకి పట్టవలసిన మాట ఒకటుంది. ఆ నూటికొక్కటి ఏ పల్లెలోని గింజో, ఏ కొండవాలు అడవి మొక్కో ముందుగా ఎవరికీ తెలియదు. పనికిరాదని పారేస్తే రేపు వెతుక్కోవడానికి మిగలదు. రాత్రుళ్ళు ఏటికేడాది వేడెక్కుతున్న ఈ రోజుల్లో పాత విత్తనం దాచుకోవడం చాదస్తం కాదు.

ఈసారి కిలో ధర విని ఉలిక్కిపడినప్పుడు, మనకంటే ముందు ఉలిక్కిపడింది ఆ పసుపుపచ్చ పువ్వేనని గుర్తుంచుకోండి!