రాకడ: లౌకికార్థం నుండి అంత్యదిన విశ్వాసం వరకు

తెలుగు క్రైస్తవ వ్యవహారంలో ‘రాకడ’ అంటే క్రీస్తు రెండవసారి రావడం. విశేషణమేదీ చేర్చకుండా ‘రాకడ సమీపించింది’ అంటే ఎవరి రాకడ అని సంఘంలో ఎవరూ అడగరు. అదే పదం ‘వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికెరుక’ అనే సామెతలో మతంతో నిమిత్తం లేకుండా వినిపిస్తుంది. ఏలూరు జిల్లా కామవరపుకోట మెట్ట, దాని దిగువనున్న కొల్లేటి సీమ నేపథ్యంలో ఈ రెండర్థాల సంబంధాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. మతార్థం లౌకికార్థాన్ని తొలగించి ఆ స్థానంలో నిలిచిందని పైకి తోచవచ్చు. కాని లౌకికార్థంలోని అనిశ్చితే మతార్థానికి ఆధారమైందని ఇక్కడి ప్రతిపాదన.

పద స్వరూపం

‘రాకడ’ దేశ్యపదం, ‘రా’ ధాతువుపై ఏర్పడిన భావార్థక నామం. పోకడ, నిలకడ, మనుగడ వంటి పదాలు ఈ కోవలోనివే. రాక, రాకడల మధ్య మౌలికమైన అర్థభేదం లేదు. వ్యవహారంలో మాత్రం ఇవి విడిపోయాయి. నేటి పత్రికా భాషలో రుతుపవనాల ‘రాక’, నాయకుల ‘రాక’ కనిపిస్తాయే తప్ప ‘రాకడ’ అరుదు. జంటపదమైన ‘పోకడ’ కూడా వెళ్లడమనే అర్థాన్ని చాలావరకు వదులుకొని తీరు, ధోరణి అనే అర్థంలో స్థిరపడింది. ఆ విధంగా రాకడ, పోకడలు తమ మూలార్థాలతో పక్కపక్కన నిలిచిన ప్రధాన స్థానం పై సామెతే. అక్కడ రాకడ జీవనాధారానికి, పోకడ మరణానికి సంబంధించినవి. రెండింటికీ ఉమ్మడి లక్షణం ఒక్కటే: సమయం తెలియకపోవడం.

అనువాదంలో ఎంపిక

లండన్ మిషనరీ సొసైటీకి చెందిన జార్జ్ క్రాన్, అగస్టస్ డెగ్రాంజెస్ 1805లో విశాఖపట్నం చేరి తెలుగు బైబిలు అనువాదానికి పూనుకున్నారు. గోదావరి డెల్టాలో విలియం బౌడెన్, జార్జ్ బీర్ అనే బ్రదరన్ మిషనరీలు 1836లో వచ్చి నరసాపురం కేంద్రంగా పనిచేశారు. చర్చ్ మిషనరీ సొసైటీ 1854లో ఏలూరులో కేంద్రాన్ని నెలకొల్పింది. ఈ సీమలోని క్రైస్తవ పరిభాషకు నేపథ్యం ఈ చరిత్ర.

నేడు విస్తృత ప్రచారంలో ఉన్న తెలుగు బైబిలులో ఒక పదభేదం గమనార్హం. గ్రీకు మూలంలోని ‘పరూసియా’ అనే పదానికి సన్నిధి, రాక అని అర్థాలు. రాజు లేదా అధికారి ఒక పట్టణానికి విచ్చేయడాన్ని కూడా ఆనాటి గ్రీకు వ్యవహారంలో ఈ పదంతోనే చెప్పేవారు. పౌలు తన సహచరుడైన తీతు విషయంలో ఈ పదం వాడినప్పుడు తెలుగులో ‘రాక’ అని ఉంది. క్రీస్తు విషయంలో మత్తయి సువార్త 24వ అధ్యాయంలో ‘రాకడ’ అని ఉంది. మూలంలో ఒక్కటిగా ఉన్న పదం తెలుగులో మానవపరంగా ఒకటి, దైవపరంగా మరొకటి అయింది. అంటే ఈ అర్థసంకోచం మూలం నుండి దిగుమతి అయినది కాదు, తెలుగులోనే ఏర్పడింది.

అదే అధ్యాయంలో లోకాంతానికి ‘యుగసమాప్తి’ అనే సంస్కృత సమాసం ఉంది. యుగ శబ్దం పౌరాణిక కాలగణనను వెంట తెస్తుంది. పురాణ పరిభాషలోని ‘ప్రళయం’ లయాన్నీ, కల్కి ‘అవతారం’ దిగిరావడాన్నీ సూచిస్తాయి. ‘రాకడ’లో లయమూ లేదు, అవరోహణమూ లేదు, ఉన్నది ఎదురుచూపు. ముగింపుకు పురాణ స్ఫురణ గల మాట, రావడానికి ఇంటి మాట దొరికాయి. క్రిస్మసుకు ముందరి ఆరాధనా కాలానికి ‘ఆగమన కాలం’ అనే పేరున్నా, అంత్యదిన విశ్వాసానికి మాత్రం ‘రాకడ’యే నిలిచింది. 1830ల నుండి జాన్ నెల్సన్ డార్బీ ప్రచారం చేసిన రెండు దశల రాక సిద్ధాంతాన్ని కూడా తెలుగు సంఘాలు ‘రహస్య రాకడ’, ‘బహిరంగ రాకడ’ అనే మాటలతోనే చెప్పుకొన్నాయి.

మెట్ట, లంక

యాకోబు పత్రిక 5వ అధ్యాయం ఈ చర్చకు కీలకం. ప్రభువు రాకడ కోసం ఓపిక పట్టడాన్ని వాన కోసం రైతు ఓపిక పట్టడంతో పోల్చిన సందర్భమది. పాలస్తీనాలో తొలి వానలు అక్టోబరు, నవంబరుల్లో కురుస్తాయి. తెలుగు అనువాదంలో వాటికి వాడిన మాట ‘తొలకరి’. ఆ మాటతో దృశ్యం మృగశిర కార్తెకు, దుక్కి దున్నిన తెలుగు చేనుకు మారింది. అక్కడి ‘కనిపెట్టు’ అనే క్రియ కూడా ఇటువంటిదే. నేటి సామాన్య వ్యవహారంలో దానికి కొత్తగా కనుగొనడం, పసిగట్టడం అనేవి ప్రధానార్థాలు. క్రైస్తవ తెలుగులో వేచి ఉండడం.

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిన తరువాత డెల్టాకు నీరు కాలువల వెంట వచ్చింది. కామవరపుకోట మెట్టకు ఆ సౌకర్యం లేదు, వానే ఆధారం. బోరుబావుల కింద ఆయిల్‌పామ్ తోటలు విస్తరించిన తరువాత కూడా భూగర్భ జలానికి మూలం ఆ వానే. ‘వాన రాకడ’ ఇక్కడ ఆశ. అయితే ఎగువన కురిసిన వాన తమ్మిలేరు, రామిలేరు వంటి ఏరుల వెంట కొల్లేటికి చేరుతుంది. ఆ నీరు ఉప్పుటేరు ద్వారా సముద్రంలో కలిసేలోగా లంక గ్రామాలకు ముంపు భయం తప్పదు. ఒకే వాన రాకడ ఎగువన నిరీక్షణ, దిగువన భయం.

క్రైస్తవ విశ్వాసంలోని రాకడకూ ఈ రెండు ముఖాలున్నాయి: విశ్వాసికి శుభప్రదమైన నిరీక్షణ, సిద్ధపడని వానికి తీర్పు. ఆ దినమూ ఆ గడియా ఎవరికీ తెలియవన్న సిద్ధాంతానికి ‘ఎవరికెరుక’ అన్న సామెత ముందే చోటు సిద్ధం చేసి ఉంచింది. అనువాదకులు ఈ సామెతను దృష్టిలో పెట్టుకొనే పదాన్ని ఎంచుకున్నారని దీని భావం కాదు. వానకోసం ఆకాశం వైపు చూసే శ్రోతకు ఆ పదం కొత్త సిద్ధాంతాన్ని పాత అనుభవంతో చేర్చి అందించగలిగిందన్నదే ఇక్కడి అంశం.

ముగింపు

క్రైస్తవ తెలుగును కేవలం అనువాద భాషగా భావించి భాషా సాహిత్య చరిత్ర అంచులకు నెట్టే ధోరణిని ‘రాకడ’ ప్రశ్నిస్తుంది. సామాన్య వ్యవహారంలో సామెతకు పరిమితమవుతున్న దేశ్యపదాన్ని ప్రార్థనలోనూ ప్రసంగంలోనూ నిత్యవ్యవహారంగా నిలిపింది ఆ భాషే. దీనికి మరో పార్శ్వమూ ఉంది. పదం ఒక మతానికి గుర్తుగా మారే కొద్దీ ఇతరులు దానిని వదిలి ‘రాక’తో సరిపెట్టుకొనే అవకాశం పెరుగుతుంది. కనుక నిఘంటువుల్లో ‘రాకడ’కు ‘రాక, ఆగమనం’ అనే పర్యాయపదాలతో సరిపుచ్చడం చాలదు. వానకు సంబంధించిన లౌకిక ప్రయోగాన్ని, అంత్యదిన విశ్వాసానికి చెందిన ప్రత్యేకార్థాన్ని ఒకే ఆరోపంలో, వాటి సంబంధం తెలిసేలా నమోదు చేయడం అవసరం. మెట్టలో ఒకే వ్యక్తి ఆదివారం ఒక రాకడ కోసం, సోమవారం మరో రాకడ కోసం ఎదురుచూడగలడు. ఆ రెండు ఎదురుచూపులకూ భాష ఇచ్చిన మాట ఒక్కటే.