కెమికల్ ఇంజినీరింగ్‌లో పీహెచ్‌డీ

ముడిసరుకును పెద్ద ఎత్తున ఉత్పత్తిగా మార్చే ప్రక్రియలపై సొంతంగా పరిశోధన చేసి, థీసిస్ రాసి, దాన్ని పరీక్షకుల ముందు సమర్థించుకున్నవారికి విశ్వవిద్యాలయం ఇచ్చే పట్టా ఇది. రసాయన శాస్త్రంలో పీహెచ్‌డీ, ఇదీ ఒకటేనని చాలామంది అనుకుంటారు. ఫ్లాస్కులో కొత్త చర్య జరిగిందని నిరూపిస్తే రసాయన శాస్త్రవేత్త పని చాలావరకు అయినట్టే. అదే చర్య వేల లీటర్ల రియాక్టర్లో ఎంత వేగంగా సాగుతుంది, పుట్టిన వేడి ఎటు పోతుంది అన్న దగ్గర ఇంజినీరు పని మొదలవుతుంది. వేడి బయటికి పోయేది పాత్ర ఉపరితలం గుండా. పాత్ర పెద్దదయ్యేకొద్దీ ఘనపరిమాణం పెరిగినంతగా ఉపరితలం పెరగదు. అందుకే బీకరులో బుద్ధిగా ఉన్న చర్య రియాక్టర్లో అదుపు తప్పవచ్చు.

అమెరికాలో ఈ శాఖలో తొలి పీహెచ్‌డీని 1905లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం ఒలివర్ ప్యాటర్సన్ వాట్స్‌కు ఇచ్చింది. మన దేశంలో ఈ పరిశోధనకు పెద్ద పేరు తెచ్చింది 1933లో బొంబాయి విశ్వవిద్యాలయం నెలకొల్పిన రసాయన సాంకేతిక విభాగం, యూడీసీటీ. ఇప్పుడది ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీ (ఐసీటీ).

అక్కడ చదివిన మన్ మోహన్ శర్మ కేంబ్రిడ్జి వెళ్లి 1964లో పీటర్ డాంక్‌వర్ట్స్ దగ్గర పీహెచ్‌డీ పూర్తిచేశారు. ఆ గైడ్ సామాన్యుడు కాడు. రెండో ప్రపంచ యుద్ధంలో లండన్‌పై పడి పేలకుండా ఉన్న మైన్లను నిర్వీర్యం చేసి జార్జ్ క్రాస్ అనే బ్రిటిష్ సాహస పురస్కారం అందుకున్న మనిషి. ఇద్దరినీ పట్టుకున్న సమస్య ఒకటే: వాయువు ద్రవంలో కరుగుతూ చర్య జరిపితే ఆ వేగాన్ని లెక్కగట్టడం ఎలా? ఎరువుల కర్మాగారాల్లో కార్బన్ డయాక్సైడును తొలగించే టవర్ల డిజైన్‌కు ఈ లెక్కే ఆధారం. లెక్కకు వాయువు, ద్రవం తాకే వైశాల్యం కూడా తెలియాలి, కానీ ద్రవంలో లేచే లక్షల బుడగల ఉపరితలాన్ని కొలవడానికి ఏ టేపూ పనికిరాదు. వేగం ముందే తెలిసిన చర్యను అందులో జరిపించి, ఎంత వాయువు ఖర్చయిందో చూసి వైశాల్యం రాబడతారు. ఇలాంటి పద్ధతులపై ఇద్దరూ కలిసి 1970లో రాసిన సమీక్షా వ్యాసం ఈ రంగంలో పేరున్నది. యూడీసీటీకి తిరిగొచ్చిన శర్మ డజన్ల మంది పీహెచ్‌డీ విద్యార్థులకు గైడ్ అయ్యారు. 1990లో రాయల్ సొసైటీ ఫెలోగా ఎన్నికైన ఆయన, ఆ గౌరవం పొందిన తొలి భారతీయ ఇంజినీరు.

తెలుగువారికి బాగా తెలిసిన ఉదాహరణ కల్లం అంజిరెడ్డి. తాడేపల్లిలో పసుపు పండించే రైతు కొడుకు. గుంటూరు ఏసీ కాలేజీ, యూడీసీటీ దాటి, పుణెలోని జాతీయ రసాయన ప్రయోగశాలలో పరిశోధన చేసి 1969లో కెమికల్ ఇంజినీరింగ్‌లో పీహెచ్‌డీ పొందారు. ఆ తర్వాత హైదరాబాద్‌లోని ప్రభుత్వ ఔషధ సంస్థ ఐడీపీఎల్‌లో ఉద్యోగం, 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపన. ఆ మందుల కంపెనీ పేరులోని ‘డాక్టర్’ వైద్యుడు కాదు, ఈ పట్టా పొందినవారే.

మన దేశంలో ఈ పీహెచ్‌డీలో ప్రవేశానికి గేట్ స్కోరు లేదా విశ్వవిద్యాలయ పరీక్ష, ఆపైన ఇంటర్వ్యూ మామూలు దారి. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం కోర్స్‌వర్క్‌తో కలిపి కనీస గడువు 3 ఏళ్లు, గరిష్ఠం 6 ఏళ్లు. నాలుగేళ్ల డిగ్రీలో 75 శాతం మార్కులున్నవారు ఎంటెక్ లేకుండానే చేరవచ్చు. 2023 నుంచి జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్ఎఫ్) నెలకు రూ.37,000, సీనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (ఎస్ఆర్ఎఫ్) రూ.42,000. ప్రధానమంత్రి రీసెర్చ్ ఫెలోషిప్ పథకం వచ్చిన కొత్తలో రూ.70,000తో మొదలయ్యేది.

నిబంధనల్లో కనిపించని శ్రమ వేరే ఉంది. ప్రయోగం చేసేవారికి తొలి రోజులు చాలావరకు పరికరం కట్టుకోవడంలోనే గడిచిపోతాయి: పైపులు, వాల్వులు, లీకులు, విడిభాగం కోసం ఎదురుచూపులు. కంప్యూటర్‌పై ప్రవాహాలకు నమూనా కట్టేవారికి లీకుల బెడద లేదు గానీ, లెక్క నిజమని చూపడానికి చివరకు ఎవరో ఒకరి ప్రయోగ ఫలితాలు కావాల్సిందే. థీసిస్‌ను గైడ్‌తో పాటు కనీసం ఇద్దరు బయటి పరీక్షకులు చదువుతారు, ఆ తర్వాత మౌఖిక పరీక్ష, అంటే వైవా. పత్రాల ప్రచురణ తప్పనిసరి అన్న షరతును యూజీసీ 2022లో ఎత్తేసింది. గైడ్లు మాత్రం అడగడం మానలేదు.