క్యూలో నిలిచిన పిల్లలు

డిసెంబరు, జనవరి నెలలలో తెల్లవారుజామున పటాన్‌చెరువు కూడలిలో నిలబడి చూస్తే, షిఫ్టు మనుషులను మోసుకుపోయే కర్మాగారాల బస్సుల నడుమ పసుపుపచ్చని బడి బస్సులు కూడా కొన్ని కనిపిస్తాయి. ఇస్నాపూరు, ముత్తంగి, రామచంద్రాపురం, సంగారెడ్డి పిల్లలు వాటిలో విహారయాత్రకు బయలుదేరుతారు. కొందరు 1963లో తెరచిన నెహ్రూ జంతుప్రదర్శనశాలకు, కొందరు రామోజీ ఫిల్మ్ సిటీకి, మరికొందరు ఔటర్ రింగు రోడ్డు మీదుగా నగరానికి అవతలి వైపున రావిర్యాలలో 2016లో ప్రారంభమైన వండర్‌లాకు పోతారు. సాయంత్రం తిరిగి వచ్చిన పిల్లవానిని ఏమేమి ఎక్కావని అడిగి చూడండి. ఎక్కినవి నాలుగో ఐదో చెబుతాడు. ఒక్కొక్కటి రెండు మూడు నిమిషాల ఆట. మిగిలిన కాలమంతా ఏమైందంటే, క్యూలో నిలబడడంతో సరిపోయింది.

పెద్దవానికి ఈ నిలబడడం విసుగు మాత్రమే. నాలుగేళ్ళ పిల్లవానికి అది శిక్ష. ఈ శిక్షను తగ్గించడానికి మానవుడు చేసిన ప్రయత్నాలకు నూరేళ్ళకు పైబడిన చరిత్ర ఉన్నది. ఆశ్చర్యమేమంటే, ఆ చరిత్ర పిల్లలతో గాని ఆటలతో గాని మొదలు కాలేదు, టెలిఫోనుతో మొదలయింది.

దానికి ముందు మన జాతర సంగతి ఒక్క మాట. ఝరాసంగంలోనో ఏడుపాయలలోనో శివరాత్రి జాతరకు వచ్చే రంగులరాట్నం దగ్గర వెనుకటి రోజులలో క్యూ అనేది ఉండేది కాదు. రాట్నం ఆగగానే చుట్టూ మూగిన పిల్లలు ఒక్కసారిగా మీద పడేవారు. మోచేతుల బలం ఉన్నవాడికి గుర్రం, లేనివాడికి ఏడుపు. కాబట్టి క్యూను ఎంత తిట్టుకున్నా, అది బలహీనునికి లభించిన ఒక హక్కు అని ఒప్పుకోవలసి ఉంటుంది. ముందు వచ్చినవానికి ముందు అనే ఆ ఒక్క నియమం లేకుంటే, చిన్న పిల్లవాడు ఎన్నడూ రాట్నం ఎక్కలేడు.

ఇక టెలిఫోను. డెన్మార్కు దేశంలో ఒక బడిపంతులు కుమారుడు, స్వయంగా కొంతకాలం పంతులుగా పనిచేసినవాడు, ఆగ్నర్ క్రారుప్ ఎర్లాంగ్ (1878–1929) అనే గణితజ్ఞుడు 1908లో కోపెన్‌హాగన్ టెలిఫోను కంపెనీలో చేరాడు. ఎందరికి ఎన్ని లైన్లు వేస్తే జనం ఎంతసేపు వేచి ఉండవలసి వస్తుంది అన్నది అతని ఎదుట ఉన్న సమస్య. ఎవరు ఎప్పుడు ఫోను చేస్తారో ఎవరికీ తెలియదు. ఐనా ఆ తెలియనితనానికి కూడా ఒక క్రమం ఉన్నదని, దానిని సంభావ్యతా శాస్త్రంతో లెక్కించవచ్చునని చూపుతూ 1909లో ఒక వ్యాసం వ్రాశాడు. 1917లో, నేటికీ ఇంజనీర్లు వాడే సూత్రాలను ప్రకటించాడు. టెలిఫోను రద్దీని కొలిచే ప్రమాణానికి 1946లో అతని పేరే పెట్టారు.

ఎర్లాంగ్ మార్గంలో వచ్చే ఫలితాలలో ఒకటి విద్యార్థులను తప్పక అబ్బురపరుస్తుంది. ఒకే ఒక టికెట్టు కిటికీ ఉన్నదనుకుందాం. అందులోని గుమాస్తా సగటున గంటకు 60 మందికి టికెట్లు ఇవ్వగలడు. కాని ఒక్కొక్కరికి పట్టే సమయంలో హెచ్చుతగ్గులున్నవి. జనం కూడా గడియారం చూచుకొని రారు. గంటకు సగటున 30 మంది వస్తే, ఒక్కొక్కరు కిటికీ చేరే ముందు సగటున 1 నిమిషం ఆగాలి. 54 మంది వస్తే 9 నిమిషాలు. 57 మంది వస్తే 19 నిమిషాలు! ఇంకా గుమాస్తా శక్తికి మించి ఎవరూ రానేలేదు, ఐనా క్యూ పెరిగిపోయింది. 54 నుండి 57కు పెరిగింది ముగ్గురే; నిరీక్షణ రెట్టింపుకు మించింది. సెలవు దినాన ఉద్యానాలలో జరిగేది ఇదే. పది మంది ఎక్కువ వస్తే పది మందికి సరిపడేంత ఆలస్యమే జరుగుతుందని మనం అనుకుంటాం. క్యూ అట్లా నడవదు.

1961లో అమెరికా గణితవేత్త జాన్ లిటిల్ మరొక సూత్రాన్ని నిరూపించాడు. అది ఎంత సులువంటే ఎనిమిదవ తరగతి పిల్లవాడు కూడా వాడగలడు: క్యూలో సగటున ఉండే జనం, వారు వచ్చే వేగాన్ని సగటు నిరీక్షణ కాలంతో గుణించినంత. తిప్పి చెబితే, నీ ముందు 240 మంది ఉండి, ఆట గంటకు 480 మందిని ఎక్కించుకొంటూ ఉంటే, నీవు అరగంట నిలబడాలి. ఉపాధ్యాయ మిత్రులు విహారయాత్రకు పోయినప్పుడు దీనిని అక్కడే పరీక్షించవచ్చు. చేతి గడియారం, పెన్సిలు, చిన్న నోటు పుస్తకం చాలు.

గణితం ఇంతవరకు చెబుతుంది. కాని నిమిషం ఎంత పొడవు అన్నది గణితం చెప్పదు. ఎత్తయిన భవనాలలో లిఫ్టు ఆలస్యమవుతున్నదని జనం గోల చేస్తే, యజమాని లిఫ్టు పక్కన అద్దాలు పెట్టించాడని, ముఖాలు చూచుకొంటూ జనం ఫిర్యాదు మరచిపోయారని ఒక కథ చిరకాలంగా ప్రచారంలో ఉన్నది. 1985లో డేవిడ్ మైస్టర్ అనే ఆచార్యుడు ఇట్టి అనుభవాలను క్రోడీకరించి వ్రాశాడు: పని లేని నిరీక్షణ, ఎంతసేపో తెలియని నిరీక్షణ, అన్యాయమని తోచిన నిరీక్షణ, ఇవి గడియారం చూపేదానికంటే పొడవుగా అనిపిస్తాయి.

పిల్లల విషయంలో దీనికి ప్రయోగపూర్వకమైన ఆధారం అంతకు ముందే ఉన్నది. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు శిశువిహారంలో వాల్టర్ మిషెల్, అతని సహచరులు చేసిన ప్రయోగం అది. పిల్లవానిని ఒక గదిలో కూర్చోబెట్టి, ఎదుట మిఠాయి పెట్టి, నేను తిరిగి వచ్చేదాకా ఆగితే నీకు నచ్చినది దొరుకుతుంది, ఆగలేకపోతే గంట కొట్టు, అప్పుడు తక్కువ నచ్చినది ఇస్తాను అని చెప్పి పెద్దమనిషి వెళ్ళిపోతాడు. 1972లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, ఎదుట మిఠాయి తప్ప వేరే ఏమీ లేని పిల్లలు సగటున అర నిమిషమైనా ఆగలేదు. చేతికి సాగే తీగచుట్ట బొమ్మ ఒకటి ఇస్తే 8 నిమిషాలకు పైగా ఆగారు. బొమ్మ కూడా ఇవ్వక, నీకు సరదా కలిగించే సంగతులు ఆలోచించుకో అని చెప్పినంత మాత్రాన 12 నిమిషాలు ఆగారు! బొమ్మకంటే ఊహకే బలం ఎక్కువ అని తేలింది. జేబులోంచి ఫోను తీసి పిల్లవాని చేతిలో పెట్టే ముందు తల్లిదండ్రులు ఈ అంకెలను ఒకసారి తలచుకొంటే బాగుండును.

ఈ ప్రయోగంలో ఆగగలిగిన పిల్లలు పెద్దయిన తరువాత చదువులలో రాణిస్తారని ఒక వాదం బయలుదేరి లోకమంతా వ్యాపించింది. 2018లో మరింత పెద్ద సంఖ్యలో పిల్లలను పరిశీలించిన పరిశోధకులకు, కుటుంబ పరిస్థితులను లెక్కలోకి తీసుకొంటే ఆ సంబంధం చాలావరకు సన్నగిలిపోయినట్లు కనబడింది. కాబట్టి క్యూలో మారాం చేసిన పిల్లవానిపై ఏ ముద్రా వేయనవసరం లేదు. అంతకంటే ఆలోచింపజేసేది 2013లో సెలెస్ట్ కిడ్, ఆమె సహచరులు ప్రకటించిన ప్రయోగం. మిఠాయి పెట్టడానికి ముందు, మంచి రంగు పెన్సిళ్ళు తెస్తానని కొందరు పిల్లలకు చెప్పి తెచ్చారు, కొందరికి చెప్పి తేలేదు. మాట నిలబడిన పిల్లలు సగటున 12 నిమిషాలు ఆగారు. మాట తప్పిన చోట పిల్లలు 3 నిమిషాలే. అంటే ఓపిక అనేది పిల్లవాని గుణం మాత్రమే కాదు, పెద్దల మాటకు ఉన్న విలువ కూడా.

వినోద ఉద్యానాల చరిత్రను ఈ వెలుగులో చూడవచ్చు. 1955 జూలైలో కాలిఫోర్నియాలో డిస్నీలాండు తెరచిన తొలినాడు దొంగ టికెట్లతో అనుకొన్నదానికంటే ఎంతో ఎక్కువ మంది వచ్చిపడ్డారు. తరువాతి కాలంలో క్యూను మెలికలు తిప్పడం, ముందుగా నిరీక్షణ సమయాన్ని పలకపై వ్రాయడం అలవాటయింది. 2012లో ఫ్లోరిడాలోని డిస్నీ ఉద్యానంలో ఎగిరే ఏనుగు ఆటకు మరింత తెలివైన ఏర్పాటు చేశారు. తల్లిదండ్రులకు ఒక పిలుపు పరికరం ఇచ్చేవారు. పిల్లలు గుడారంలాంటి పెద్ద గదిలో జారుడుబల్లలపై ఆడుకునేవారు. వంతు రాగానే పరికరం మోగేది. పిల్లవాడు నిలబడేవాడు కాదు, వాని వంతు మాత్రం నిలబడి ఉండేది.

మనకు ఇది పూర్తిగా కొత్త కాదు. తిరుమలలో యాత్రికులను గంటల తరబడి నిలబెట్టక గదులలో కూర్చోబెట్టి, పసిపిల్లలకు పాలు అందించే ఏర్పాటు ఉన్నది. కూర్చున్న పిల్లలకు కాళ్ళాగజ్జా కంకాళమ్మ ఆడడానికి పరికరమేదీ అక్కరలేదు. హంపి శిథిలాలలో నేలబండలపై చెక్కిన పులిజూదం వంటి ఆటల గీతలు నేటికీ కనిపిస్తాయి. ఎవరి కోసమో, దేనికోసమో కూర్చొని కాలం గడిపినవారి గుర్తులు కావచ్చునని నాకు తోస్తుంది. నిలబడిన క్యూలో పులిజూదం కుదరదు గాని, పొడుపుకథ కుదురుతుంది. మిషెల్ చెప్పిన ఊహాబలాన్ని పొడుపుకథ కంటే చవకగా అందించే సాధనం నాకు తెలియదు.

మైస్టర్ చెప్పిన మూడవ సంగతి, అన్యాయం, చివరకు మిగిలింది. 1987లో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ ఆచార్యుడు రిచర్డ్ లార్సన్ దీనిపై ప్రత్యేకంగా వ్రాశాడు: తన వెనుక వచ్చినవాడు తనకంటే ముందు పోతే, మొత్తం నిరీక్షణ తక్కువే అయినా మనిషికి మంట తగ్గదు. డిస్నీ ఉద్యానాలలో 1999లో అందరికీ ఉచితంగా మొదలైన తొందర చీటీ స్థానంలో 2021 నుండి డబ్బు పెట్టి కొనే చీటీ వచ్చింది. అధికమిచ్చినవారికి వేరే దారి అనే పద్ధతి మన దేశపు ఉద్యానాలకూ వచ్చింది.

కిందటి శీతకాలం సెలవులలో మా అక్క పిల్లలను ఒక ఉద్యానానికి తీసుకొనిపోయాను. మా బావకు పాశమైలారంలో పగటి షిఫ్టు పడి రాలేకపోయాడు. చిన్నవాడు క్యూలో చేరిన ఐదు నిమిషాలకే ఏడుపు అందుకొన్నాడు. వానిని పొడుపుకథలతో నిలబెట్టాను. ఏడవ తరగతి చదివే మేనకోడలికి లిటిల్ సూత్రం చెప్పి లెక్క వేయమన్నాను. ఆటలో 20 సీట్లు. ఒక్కొక్క విడతకు 4 నిమిషాలు. మా ముందు 80 మంది.

“16 నిమిషాలు, మామా!” అన్నది వెంటనే.

24 నిమిషాలు పట్టింది. తన లెక్క తప్పిందని పిల్ల చిన్నబుచ్చుకొన్నది. ఆట దిగి వచ్చిన తరువాత, తమ్ముడు ఐసు తింటూ ఉండగా, కాగితం మళ్ళీ తీసింది. పక్క ద్వారం నుండి విడతకు ఏడుగురు చొప్పున లోపలికి వెళ్ళడం తాను చూచిందట. మా వరుసకు మిగిలినవి 13 సీట్లే. ఆరు విడతలకు 78 మంది, మిగిలిన ఇద్దరితో కలిసి మేము ఏడవ విడతలో. ఆరు నాలుగులు 24. లెక్క సరిపోయింది.

“అయితే నా లెక్క తప్పు కాదు కదా మామా?”

కాదన్నాను.

“మరి వాళ్ళు మాకంటే ముందు వచ్చారా?”

ఆ ద్వారానికి టికెట్టు ధర వేరని చెప్పాను. ఎంత అని అడిగింది. చెప్పాను. నాన్నకు రోజుకు ఎంత ఇస్తారని తరువాత అడిగింది. ఆ అంకెను కూడా కాగితంపై వ్రాసుకొని, మడిచి సంచిలో పెట్టుకొన్నది.