సాలార్‌జంగ్ మ్యూజియంలో రాయగిరి వాటా

రాయగిరి రైల్వే స్టేషన్ బోర్డు మీద ఇప్పుడు యాదాద్రి అని ఉంటున్నది. యాదగిరిగుట్టకు పోయే భక్తులకు అది వీలుగానే ఉంటుంది, కాదనను. కానీ రాయగిరి పేరు ఒక్కొక్కచోట నుంచి జారిపోతున్నప్పుడు, ఆ ఊరికి రావలసిన ఒక పెద్ద గుర్తింపు గురించి ఇప్పుడైనా మాట్లాడకపోతే తప్పు. భువనగిరి చరిత్ర రాసేవాళ్లు కోట దగ్గర మొదలుపెట్టి కోట దగ్గరనే ఆపుతారు. త్రిభువనమల్ల విక్రమాదిత్యుడు, కాకతీయులు, 1709లో సర్వాయి పాపన్న దాడి, అంతటితో సరి. పక్కనే ఉన్న రాయగిరి ఎవరి కింద ఉండేది, అక్కడి శిస్తు ఎవరి ఖజానాకు చేరేది అన్న మాట ఒక్కరూ ఎత్తరు.

రాయగిరి నిజాం దివాన్లైన సాలార్‌జంగ్ కుటుంబపు జాగీరు. ఆ జాగీరు ఒక్కచోట ఉన్నది కాదు. అప్పటి రాయచూరు జిల్లాలో కొప్పళ, యెల్బుర్గా, ఔరంగాబాదు వైపు అజంతా, అప్పట్లో గుల్బర్గా జిల్లా కింద ఉన్న మన పాలమూరు దిక్కు కోస్గి, హైదరాబాదు పట్నం పక్కన దుండిగల్, అప్పటి నల్లగొండ జిల్లాలో రాయగిరి. వీటి మీద వచ్చిన రాబడే ఆ కుటుంబానికి ఆధారం.

ఇక హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియం సంగతి. దాని గురించి ఎవరు రాసినా ఒక మాట వదలరు: ఒకే ఒక్క మనిషి సేకరించిన వస్తువులతో ఏర్పడిన ప్రపంచంలోకెల్లా పెద్ద మ్యూజియం అని. ఈ మాటను నేను ఒప్పుకోను. దాన్ని కొట్టివేసే సాక్ష్యం మ్యూజియంలోనే నిలబడి ఉన్నది. జనం గుంపులుగా చూసే మేలిముసుగు రెబెకా పాలరాతి బొమ్మను ఇటలీ శిల్పి బెంజోని చెక్కాడు. మొదటి సాలార్‌జంగ్ మీర్ తురాబ్ అలీఖాన్ దాన్ని 1876లో రోమ్‌లో కొన్నాడు. అందరూ పేరు చెప్పే మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ పుట్టిందే 1889లో. తాత కొన్నదాన్ని మనుమడి ఖాతాలో ఎట్లా రాస్తారు? ఇది మూడు తరాల సొత్తు. 2000లో కట్టిన కొత్త భవనాల్లో పడమటిదానికి తాత మీర్ తురాబ్ అలీఖాన్ పేరు, తూర్పుదానికి తండ్రి మీర్ లాయక్ అలీఖాన్ పేరు పెట్టినప్పుడు మ్యూజియం వాళ్లే ఈ సంగతి ఒప్పుకున్నట్టయింది. పుస్తకాలు రాసేవాళ్లే ఇంకా పాత పాట మానలేదు.

మూడో సాలార్‌జంగ్‌కు కళ మీద ఉన్న ప్రేమను నేను తక్కువ చేయను. 1912లో నిజాం దివాన్ అయ్యాడు, 1914లో దిగిపోయాడు. పెళ్లి చేసుకోలేదు. ఆ తర్వాత ముప్ఫై అయిదేళ్లు కంచు, పింగాణీ, రాతప్రతులు, ఆయుధాలు కూడబెట్టడమే పనిగా బతికాడు. చేతిలో కొలువు లేని అన్నేళ్లు ఆ కొనుగోళ్లకు పైకం ఎక్కడిది? జాగీరు శిస్తుదే. అంటే కొప్పళ రైతుదీ, కోస్గి రైతుదీ, మన రాయగిరి రైతుదీ.

1949 మార్చి 2న ఆయన సంతానం లేకుండా చనిపోయాడు. అదే ఏడు ఆగస్టులో జాగీర్లు రద్దయ్యాయి. ఆ రద్దు వెనుక మన ఊరు ఉన్నది. 1944లో ఆంధ్ర మహాసభ పదకొండో మహాసభ జరిగింది ఈ భువనగిరిలోనే. అధ్యక్షుడు మన బొల్లేపల్లి బిడ్డ రావి నారాయణరెడ్డి. వెట్టి పోవాలి, జాగీర్దారీ పోవాలి అని ఆ పందిట్లో గట్టిగా అడిగారు. శిస్తు కట్టిన నేల పక్కనే ఆ శిస్తును ప్రశ్నించిన సభ జరిగిందన్న సంగతి మ్యూజియం చరిత్రలోనూ రావాలి, భువనగిరి చరిత్రలోనూ రావాలి.

నెహ్రూ 1951 డిసెంబరు 16న మ్యూజియం తెరిచింది ఇప్పుడున్న చోట కాదు, సాలార్‌జంగ్ నివాసమైన దివాన్ దేవిడీలో. నవాబు బతికిన గదుల్లోనే ఆయన వస్తువులు పెట్టి చూపించారు. ఇప్పుడు ఆ చోటంతా బట్టల హోల్‌సేల్ బజారు. భువనగిరి, ఆలేరు బట్టల దుకాణదారులకు ఆ సందులు బాగా తెలుసు. తాము సరుకు కొనేది ఏ ఇంటి నేల మీదనో వాళ్లకు ఎవరూ చెప్పలేదు. ఆ దేవిడీని నిలుపుకోలేకపోవడం హైదరాబాదు చేసిన పెద్ద తప్పు.

ఆయన ఆస్తి వ్యాజ్యంలో 1958లో కుదిరిన కోర్టు రాజీతో సేకరణ కేంద్ర ప్రభుత్వానికి వచ్చింది. 1961 చట్టంతో జాతీయ ప్రాముఖ్యం గల సంస్థ అయింది. మూసీ దక్షిణపు ఒడ్డున కొత్త భవనాన్ని 1968లో రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్ ప్రారంభించారు. నమూనా గీసింది హైదరాబాదు వాస్తుశిల్పి మహమ్మద్ ఫయాజుద్దీన్. అర్ధచంద్రాకారంలో తెల్లని భవనం నిలబెట్టాడు. అది పాతబస్తీకి అతకలేదన్నవాళ్లున్నారు. నాకు ఆ వంపు నచ్చుతుంది. నది మలుపు తిరిగినట్టు నడవా తిరుగుతుంటే గదులు ఒకదాని వెంట ఒకటి ఎదురవుతాయి. ఆ మూసీయే పట్నం దాటి బీబీనగర్, పోచంపల్లి, వలిగొండ వైపు మన జిల్లాలోకి వస్తుంది, పట్నం మురికిని మోసుకుని. అందం అక్కడ, మురికి ఇక్కడ.

ఆ మ్యూజియమంతా రాయగిరి సొమ్మేనని మన దగ్గర కొందరు అంటారు. అదీ సరికాదు. జాగీరు తాలూకాల్లో రాయగిరి ఒకటి మాత్రమే. ఉన్నంత వాటా చెబితే చాలు. వ్యవస్థాపకుల గ్యాలరీలో వాళ్ల చిత్రాలు, దుస్తులు, వాడిన సామాన్లు ఉన్నాయి. అక్కడే ఒక గోడ మీద జాగీరు పటం గీయించి కొప్పళ, యెల్బుర్గా, అజంతా, కోస్గి, దుండిగల్, రాయగిరి పేర్లు తెలుగులో, ఉర్దూలో, కన్నడంలో, మరాఠీలో రాయించాలి. మన ఎమ్మెల్యే, ఎంపీలు ఈ మాట మ్యూజియం బోర్డును రాతపూర్వకంగా అడగాలి. స్టేషన్ బోర్డు మీద యాదాద్రి కింద రాయగిరి అని కూడా ఉంచమని ఆ అర్జీతో పాటే రైల్వేకు మరొకటి పంపవచ్చు.