పరీక్షకు ముందు భయం: రాజధానిలో ఒక రాజకీయ చరిత్ర

దక్షిణాది నుంచి ఢిల్లీకి రైలులో వచ్చే ప్రయాణికులకు రాజధాని తన ముఖం చూపించకముందే తన గోడలను చూపిస్తుంది. ఫరీదాబాద్ దాటిన దగ్గర నుంచి పట్టాల వెంబడి ఉన్న గోడల మీద, బొంతల్లాంటి పెద్ద అక్షరాలతో, ‘గుప్త్ రోగ్’ చికిత్సల ప్రకటనలు దశాబ్దాలుగా కనిపిస్తూనే ఉన్నాయి. ఆ ప్రకటనలు రాయించిన వారికి చదివేవాడు ఎవరో తెలియదు. అయితే అతని మనఃస్థితి మాత్రం బాగా తెలుసు. ఒక్క రాత్రి జరిగిన దానికి నెలల తరబడి కుమిలిపోయేవాడు, ఒంటి మీద చిన్న పొక్కు కనిపించినా ప్రాణం పోయిందనుకునేవాడు, భార్యకు గానీ కుటుంబ వైద్యుడికి గానీ చెప్పుకోలేనివాడు. పేరు అడగని చోటు కోసం అతను వెతుకుతాడు. అటువంటి చోటు తమ వద్దనే ఉందని గోడ చెబుతుంది.

సుఖవ్యాధి సోకిందేమోనన్న భయం మనిషి గుండెలోనే పుడుతుంది. ఆ భయాన్ని అతను ఎక్కడికి తీసుకువెళ్లగలడు, అక్కడ అతన్ని ఎవరు ఏ పేరుతో పిలుస్తారు, అతని రహస్యం ఎంతసేపు రహస్యంగా ఉంటుంది అన్నవి మాత్రం పార్లమెంటులో, సుప్రీంకోర్టులో, తీహార్ జైలులో, ప్రభుత్వ శాఖల దస్త్రాలలో నిర్ణయమైన విషయాలు. ఆ చరిత్ర తెలియకుండా ఆ భయాన్ని కేవలం వ్యక్తిగత బలహీనతగా కొట్టిపారేయడం న్యాయం కాదు.

రోగం కన్నా ముందు నేరస్థురాలు

భారతదేశంలో రాజ్యానికి ఈ వ్యాధులతో పరిచయం సైన్యం ద్వారా జరిగింది. 1805లో మద్రాసు ప్రెసిడెన్సీలో ‘లాక్ ఆసుపత్రులు’ వెలిశాయి. దండు బజార్ల చుట్టూ ఉండే స్త్రీలను అందులో ఉంచి, వ్యాధి నయమయ్యేదాకా బయటికి విడిచేవారు కాదు. 1864 నాటి కంటోన్మెంట్ల చట్టం, 1868 నాటి అంటువ్యాధుల చట్టం ఈ పద్ధతికి మరింత బలాన్నిచ్చాయి. స్త్రీ తన పేరు నమోదు చేయించుకోవాలి, క్రమం తప్పకుండా శరీర పరీక్షకు హాజరు కావాలి. ఆమె దగ్గరికి వచ్చిన సైనికుడికి ఆ చట్టంలో అటువంటి బాధ్యత లేదు. ఇంగ్లండులో జోసఫీన్ బట్లర్ వంటి వారు సాగించిన ఉద్యమం ఫలితంగా అక్కడి చట్టం రద్దయ్యాక, 1888లో ఇక్కడి చట్టమూ రద్దయింది.

చట్టం పోయినా అది నేర్పిన ఆలోచన పోలేదు. వ్యాధి ఒక స్త్రీ వద్ద, ఒక వీధిలో, ఒక వర్గంలో ఉంటుందని, దాన్ని పట్టుకుని బంధిస్తే మిగిలినవారు సురక్షితులని ఆ ఆలోచన సారాంశం. భయపడిన వ్యక్తి తనంతట తాను వచ్చి ప్రశ్న అడిగే చోటు అందులో ఎక్కడా లేదు. రోగం లేకపోయినా ఉందని నమ్మి కృశించిపోయే మనుషులను 19వ శతాబ్దపు ఐరోపా వైద్యులు అప్పటికే గుర్తించి, ఆ స్థితికి ‘సిఫిలోఫోబియా’ అని పేరు పెట్టారు. 1906లో వాసర్‌మన్ రక్తపరీక్ష వచ్చింది. 1940లలో పెన్సిలిన్ వచ్చింది. రోగాన్ని గుర్తించడం, నయం చేయడం సులువయ్యాయి. భయం మాత్రం తన దారిన తాను మిగిలింది.

నిషేధం ఉన్నా నిలిచిన గోడలు

స్వతంత్ర భారతం ఈ భయాన్ని మొదట ప్రకటనల సమస్యగా చూసింది. 1954లో వచ్చిన ఔషధాలు, అద్భుత చికిత్సల (అభ్యంతరకర ప్రకటనల) చట్టం లైంగిక శక్తిని పెంచుతామనే ప్రకటనలను, సుఖవ్యాధులకు మందులిస్తామనే ప్రకటనలను నిషేధించింది. ఆ చట్టాన్ని సవాలు చేస్తూ ఢిల్లీకి చెందిన హమ్‌దర్ద్ దవాఖానా తదితరులు సుప్రీంకోర్టుకు వెళ్లారు. వ్యాపార ప్రకటన వాక్ స్వాతంత్ర్యం కిందికి రాదంటూ 1959 డిసెంబరులో ధర్మాసనం చట్టం ఆశయాన్ని సమర్థించింది. అయితే ఏయే వ్యాధులను నిషేధ జాబితాలో చేర్చాలో నిర్ణయించే అధికారాన్ని హద్దుల్లేకుండా ప్రభుత్వానికి అప్పగించిన భాగాన్ని కొట్టివేసింది. 1963లో పార్లమెంటు చట్టాన్ని సవరించి, వ్యాధుల పట్టికను చట్టానికే జోడించింది. అందులో సుఖవ్యాధులు పేరుపేరునా ఉన్నాయి.

అయినా గోడలు ఖాళీ కాలేదు. ప్రకటనను నిషేధించిన ప్రభుత్వం, ఆ ప్రకటన చదివి పరుగెత్తే మనిషికి వేరే తలుపు తెరవకపోవడమే అందుకు ప్రధాన కారణం. 1960లో మనోవైద్యుడు ఎన్.ఎన్. విగ్ ‘ధాతు సిండ్రోమ్’ అనే పేరును ప్రతిపాదించి, వీర్యనష్టం జరుగుతోందన్న ఆందోళనతో నీరసం, గుండెదడ, నిద్రలేమి అనుభవించే యువకుల స్థితిని వైద్యశాస్త్రం దృష్టికి తెచ్చారు. పరీక్షల్లో రోగం కనబడకపోయినా బాధ నిజమైనదే. ఆ బాధకు ప్రభుత్వ ఆసుపత్రిలో చెవి దొరకని కాలంలో గోడ మీది చిరునామాయే దిక్కయింది.

పట్టుకోవడమా, పిలవడమా?

1986లో మద్రాసులో డాక్టర్ సునీతి సాల్మన్ బృందం దేశంలో తొలి హెచ్ఐవీ కేసులను గుర్తించింది. అప్పుడు ఢిల్లీ స్పందించిన తీరు లాక్ ఆసుపత్రుల నాటి ఆలోచనకు కొనసాగింపుగానే ఉంది. విదేశీ విద్యార్థులకు తప్పనిసరి పరీక్షలు వచ్చాయి. విదేశీయులతో లైంగిక సంబంధాలను చట్టపరంగా నిషేధించాలని 1988లో భారత వైద్య పరిశోధన మండలి అధిపతి ఎ.ఎస్. పెయింటల్ బహిరంగంగానే సూచించారు. జి.బి. రోడ్డులోని సెక్స్ వర్కర్లకు వారి అంగీకారం లేకుండా పరీక్షలు జరిగాయి. 1989లో ఎయిడ్స్ నివారణ బిల్లు రాజ్యసభ ముందుకు వచ్చింది. పరీక్షకు బలవంతం చేయడానికి, వ్యాధిగ్రస్తులను విడిగా ఉంచడానికి అది అధికారులకు వీలు కల్పించేది. అదే ఏడాది గోవాలో డొమినిక్ డిసౌజా అనే యువకుడిని, హెచ్ఐవీ ఉన్నందుకే, రాష్ట్ర ప్రజారోగ్య చట్టం కింద 64 రోజులు నిర్బంధించారు. అతను రక్తదాత. అతనికి హెచ్ఐవీ ఉన్నట్లు ఆ రక్తదానం ద్వారానే బయటపడింది.

ఆ వార్త చదివిన మనిషి మనసులో ఏం జరిగి ఉంటుందో ఊహించడం కష్టం కాదు. పరీక్ష అంటే తెలుసుకోవడం కాదు, పట్టుబడడం అనే అర్థం స్థిరపడింది. అనుమానం ఉన్నవాడు దూరంగా ఉండిపోయాడు. రోగం ఉన్నవాడికి తెలియకుండా పోయింది, లేనివాడికి ధైర్యం దొరకకుండా పోయింది. ప్రజారోగ్యం పేరుతో తెచ్చిన బలప్రయోగం ప్రజారోగ్యానికే ఎదురు తిరిగింది.

దీన్ని ముందుగా గుర్తించి వీధికెక్కినది ఢిల్లీలోని ఒక చిన్న బృందం. ‘ఎయిడ్స్ భేద్‌భావ్ విరోధీ ఆందోళన్’ పేరుతో 1980ల చివర్లో ఏర్పడిన ఆ బృందం, స్త్రీలపైన, రక్తం అమ్ముకునేవారిపైన, స్వలింగ సంపర్కులపైన పడుతున్న నిందను వరుస నివేదికలతో ప్రశ్నించింది. నిరసనల మధ్య 1989 బిల్లును ప్రభుత్వం చివరికి ఉపసంహరించుకుంది. 1994లో తీహార్ జైలులో ఖైదీలకు కండోమ్‌లు ఇవ్వాలన్న వైద్యుల సూచనను జైళ్ల ఇన్‌స్పెక్టర్ జనరల్ కిరణ్ బేడీ తిరస్కరించారు. ఆ బృందం ఢిల్లీ హైకోర్టులో భారత శిక్షాస్మృతిలోని 377వ సెక్షన్‌ను సవాలు చేసింది. నేరమని చట్టం చెప్పే పనికి రక్షణ కవచం ఎలా ఇస్తారన్నది అధికారుల వాదన. నేరమని చెప్పినంత మాత్రాన వ్యాధి ఆగుతుందా అన్నది ఉద్యమకారుల ప్రశ్న. 2001లో ఆ పిటిషన్ విచారణ లేకుండానే కొట్టివేతకు గురైంది. ప్రశ్న మాత్రం ఆగలేదు.

కోర్టు పెంచిన బెదురు

1998 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ‘మిస్టర్ ఎక్స్’ కేసులో తీర్పు ఇచ్చింది. ఒకతనికి హెచ్ఐవీ ఉన్న సంగతి ఆసుపత్రి నుంచి బయటికి పొక్కి, అతని పెళ్లి ఆగిపోయింది, ఊరు విడిచి వెళ్లవలసి వచ్చింది. గోప్యతను భంగపరిచారని అతను కోర్టుకెక్కితే, పెళ్లికూతురి ప్రాణరక్షణ ముందు అతని గోప్యత నిలవదని ధర్మాసనం చెప్పింది. అంతవరకు వాదనలో బలం ఉంది. కానీ అక్కడ ఆగకుండా, ఇటువంటివారికి వివాహం చేసుకునే హక్కు నిలిచిపోయి ఉంటుందని కూడా వ్యాఖ్యానించింది. 2002 డిసెంబరులో విస్తృత ధర్మాసనం ఆ వ్యాఖ్యలను పక్కకు పెట్టింది. మధ్యలో గడిచిన నాలుగేళ్లలో, పరీక్షకు వెళ్లాలా వద్దా అని తటపటాయించే వారికి దేశ అత్యున్నత న్యాయస్థానం నుంచి అందిన సందేశం ఏమిటో చెప్పనవసరం లేదు.

అదే కాలానికి తెలుగునాట వేరే ప్రయోగం జరిగింది. ‘పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?’ అన్న ప్రశ్న 2000 దశకం తొలినాళ్లలో ఆంధ్రప్రదేశ్ కూడళ్లన్నిటా వేలాడింది. జనం నవ్వుకున్నారు, హాస్యానికి వాడుకున్నారు, ఇప్పటికీ మరచిపోలేదు. ఆ ప్రచారంలో గమనించవలసిన సంగతి ఒకటుంది. అది స్త్రీ వైపు వేలు చూపలేదు. ఆత్మవిశ్వాసం నిండిన మగవాడిని నడివీధిలో నిలబెట్టి, అతని గురించే అడిగింది. ఆజ్ఞాపించకుండా అడిగింది. ఆ కాలానికి దేశంలోనే ఎక్కువ మంది హెచ్ఐవీ బాధితులున్న రాష్ట్రాలలో ఒకటైన ఆంధ్రప్రదేశ్‌కు ఆ ప్రశ్న అవసరమైనదే. అయితే ప్రశ్న రేపిన కలవరానికి సమాధానం చెప్పే గది కూడా పక్కనే ఉండాలి. లేకపోతే అప్రమత్తత కాస్తా పీడకలగా మారుతుంది.

ఒక గది, ఒక కౌన్సెలర్

1990ల చివరి నుంచి ప్రభుత్వ ఆసుపత్రుల్లో స్వచ్ఛంద పరీక్షా కేంద్రాలు మొదలయ్యాయి. తరువాత అవి సమీకృత సలహా, పరీక్షా కేంద్రాలయ్యాయి. పరీక్షకు ముందు ఒకసారి, తరువాత ఒకసారి కౌన్సెలర్‌తో మాట్లాడడం వాటి పద్ధతి. 2004 ఏప్రిల్ 1న ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రాలలోను, ఢిల్లీలోను ఉచిత ఏఆర్‌టీ చికిత్స ప్రారంభమైంది. ఇది వైద్య విజయమే కాదు, భయం స్వరూపాన్ని మార్చిన ఘటన కూడా. ఫలితం మరణశాసనం కానప్పుడే మనిషి ఫలితం కోసం వస్తాడు.

2006లో ఢిల్లీ హైకోర్టు విచిత్ర దృశ్యాన్ని చూసింది. నాజ్ ఫౌండేషన్ దాఖలు చేసిన కేసులో హోంశాఖ 377వ సెక్షన్‌ను సమర్థిస్తుండగా, అదే ప్రభుత్వంలోని ఆరోగ్యశాఖ కింద పనిచేసే నాకో, ఆ సెక్షన్ మనుషులను చీకట్లోకి తరిమి హెచ్ఐవీ నివారణకు అడ్డుపడుతోందని ప్రమాణపత్రం వేసింది. 2009 జులై 2న హైకోర్టు నాకో వాదనకు విలువనిచ్చింది. 2013లో సుప్రీంకోర్టు ఆ తీర్పును తోసిపుచ్చింది. చివరకు 2018 సెప్టెంబరు 6న పరస్పర అంగీకారంతో జరిగే సంబంధాలు నేరం కాకుండా పోయాయి. నాలుగు రోజుల తరువాత, సెప్టెంబరు 10న, 2017 నాటి హెచ్ఐవీ, ఎయిడ్స్ నివారణ, నియంత్రణ చట్టం అమలులోకి వచ్చింది. సమ్మతి లేకుండా పరీక్ష చేయరాదని, సమ్మతిలో కౌన్సెలింగ్ భాగమని, వ్యక్తి వివరాలు గోప్యమని అది చెబుతుంది. 1989 బిల్లు నుంచి ఈ చట్టం దాకా పట్టిన కాలం ఇరవై ఎనిమిదేళ్లు.

ఈ హక్కులు భయపడే మనిషికి ఏ విధంగా ఉపకరిస్తాయి? అతని వేదనలో రెండు పొరలుంటాయి. మొదటిది, నిజంగా జవాబు కావలసిన ప్రశ్న. దానికి గడియారం, క్యాలెండర్ ఉన్నాయి. ప్రమాదం జరిగి 72 గంటలు దాటకపోతే వెంటనే వైద్యుడిని కలవాలి. అవసరమని తేలితే 28 రోజుల నివారణ మందు ఉంది, అది ఎంత త్వరగా మొదలైతే అంత మేలు. వైరస్ సోకినా పరీక్షలో కనబడని తొలి కాలం ఒకటుంది. నాలుగో తరం ప్రయోగశాల పరీక్షకు సుమారు 45 రోజులు, ఇతర పరీక్షలకు మూడు నెలలు దాటాక వచ్చే ఫలితాన్ని నమ్మవచ్చు. సిఫిలిస్‌ను తొలి దశలో గుర్తిస్తే పెన్సిలిన్‌తో నయమవుతుంది.

రెండో పొర, జవాబు వచ్చినా తృప్తిపడని ప్రశ్న. ఫలితం లేదని వచ్చినా నమూనా మారిందేమో, యంత్రం తప్పిందేమో అనిపిస్తుంది. ఆందోళన వల్లనే వచ్చే చెమటలు, గుండెదడ, విరేచనాలు, నీరసం కొత్త లక్షణాలుగా తోస్తాయి. మళ్లీ పరీక్ష చేయించుకుంటే ఊరట వస్తుంది, రెండు రోజులకు కరిగిపోతుంది, మరో పరీక్ష కావాలనిపిస్తుంది. ఈ వలయాన్ని రక్తపరీక్ష తెంచలేదు. ఒకే వైద్యుడితో తేదీలు నిర్ణయించుకుని, ఆ తేదీన వచ్చిన ఫలితాన్ని చివరిదిగా అంగీకరించి, మిగిలిన ఆందోళనను విడిగా చికిత్స చేయించుకోవలసిన జబ్బుగా గుర్తించడమే దారి. హెచ్ఐవీకి 1097, మానసిక ఆరోగ్యానికి 14416 నంబర్లు అందుకే ఉన్నాయి.

మొదటి పొరకు ప్రయోగశాల చాలు. రెండో పొరకు తీర్పు చెప్పని ఒక మనిషి కావాలి. అటువంటి మనిషిని జీతమిచ్చి ఒక గదిలో కూర్చోబెట్టడానికి ఈ రిపబ్లిక్‌కు చాలా ఏళ్లు పట్టింది. ఆ గది ఇంకా సంపూర్ణం కాదు. చికిత్స ‘సాధ్యమైనంత వరకు’ అందించాలంటూ 2017 చట్టం ప్రభుత్వాలకు ఇచ్చిన వెసులుబాటును బాధితుల సంఘాలు మొదటి నుంచీ తప్పుపట్టాయి. ఆరోగ్య పద్దులలో కోత పడిన ప్రతిసారీ కౌన్సెలర్ కుర్చీ ఖాళీ అయితే అది చిన్న విషయంగానే కనిపిస్తుంది. ఆసుపత్రి భవనం కట్టినట్లు దానికి శిలాఫలకం ఉండదు, ప్రారంభోత్సవం ఉండదు. కానీ తలదించుకుని లోపలికి వచ్చిన పౌరుడు తల ఎత్తుకుని బయటికి వెళ్లాడా లేదా అన్నది ఆ కుర్చీలోనే తేలుతుంది. ఆరోగ్య బడ్జెట్‌ను చదివే వారు మొదట వెతకవలసిన పద్దు అదే.