శంకువు, పిరమిడ్‌ల ఘనపరిమాణం: లెక్క చరిత్ర

ఒకే భూమి, ఒకే ఎత్తు ఉన్న పట్టకంలో పిరమిడ్ ఘనపరిమాణం మూడో వంతు. అలాగే స్తూపంలో శంకువుది మూడో వంతు. ఈ సూత్రం అనగానే ఈజిప్టు సమాధులు గుర్తుకొస్తాయి గానీ, మన దేశంలో ఇది గోతులు తవ్వేచోట, కళ్లంలో పోసిన ధాన్యం దగ్గర పెరిగింది. పాత గణిత గ్రంథాలు మొదటిదాన్ని ఖాతవ్యవహారం, రెండోదాన్ని రాశివ్యవహారం అన్నాయి.

క్రీ.పూ. 1850 ప్రాంతపు మాస్కో పపైరస్‌లో కొన తెగిన పిరమిడ్ లెక్క ఒకటుంది. అడుగు భుజం 4, పై భుజం 2, ఎత్తు 6, జవాబు 56. సరిగ్గానే ఉంది. మూడో వంతు సంగతి ముందు చెప్పినవాడు డెమోక్రిటస్ అనీ, రుజువు చేసినవాడు యూడాక్సస్ అనీ ఆర్కిమిడీస్ రాశాడు. చైనాలో లియూ హుయ్ 263లో తనదైన రుజువు ఇచ్చాడు. ఈ రుజువులన్నీ అంతులేని విభజన మీదే నిలబడ్డాయి. అది తప్పనిసరని తేలింది మాత్రం హిల్బర్ట్ 1900లో వేసిన ప్రశ్నకు మాక్స్ డెన్ జవాబిచ్చాకే: పిరమిడ్‌ను లెక్కపెట్టగలిగినన్ని ముక్కలుగా కోసి ఘనంగా పేర్చడం అన్నివేళలా కుదరదు.

ఆర్యభటుడు 499లో పిరమిడ్‌కు భూమి వైశాల్యాన్ని ఎత్తుతో గుణించి సగం తీసుకోమన్నాడు. త్రిభుజ వైశాల్య సూత్రంలో సగం వస్తుంది కనుక ఇక్కడా సగమే అనుకున్నట్టుంది. 629లో వ్యాఖ్యానం రాసిన మొదటి భాస్కరుడు కూడా దాన్ని ప్రశ్నించలేదు. చోద్యమేమంటే, అంతకు ఏడాది ముందే బ్రహ్మగుప్తుడు సరైన మాట చెప్పి ఉన్నాడు: సూదిలా మొన తేలిన గొయ్యికి సమఖాత (పైనా కిందా ఒకే కొలతలున్న గొయ్యి) ఫలంలో మూడో వంతు.

పైనా కిందా కొలతలు వేరైన గోతికి ఆయన ఇచ్చిన పద్ధతి ఇంకా అందంగా ఉంటుంది. భుజాల సగటుతో ఒక ఫలం, వైశాల్యాల సగటుతో మరో ఫలం కట్టి, ఆ రెంటి తేడాలో మూడో వంతును మొదటిదానికి కలపాలి. మాస్కో పపైరస్ అంకెలే తీసుకుంటే మొదటి ఫలం 54, రెండోది 60. తేడా 6లో మూడో వంతు 2 కలిస్తే 56. తవ్వకం కూలీ కట్టేవాడికి మొదటి రెండు అంచనాలే చాలేమో; నిక్కచ్చి కావాలంటే మూడో మెట్టు ఎక్కాలి.

రాష్ట్రకూట అమోఘవర్షుడి కాలంలో, 850 ప్రాంతంలో, మహావీరాచార్యుడు తన గణితసారసంగ్రహంలో ఈ రెండు అంచనాలకు కర్మాంతికం, ఔండ్రం అని పేర్లు వాడాడు. ఆ గ్రంథాన్నే పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. ఆయన రాజరాజ నరేంద్రుడి కాలంవాడని కొందరు, ఆ తర్వాతి తరంవాడని కొందరు అంటారు. తెలుగులో శాస్త్ర రచనకు మొదటి మెట్టు లెక్కల పుస్తకం కావడం చెప్పుకోదగ్గ విషయం.

ధాన్యపు రాశి లెక్క భాస్కరాచార్యుడి లీలావతిలో, 1150లో, తేటగా కనిపిస్తుంది. చుట్టుకొలతలో ఆరో వంతును వర్గం చేసి ఎత్తుతో గుణిస్తే చాలు. ఎత్తు కొలవడానికి రాశిలోకి కర్ర గుచ్చక్కర్లేదు. శనగల్లాంటి ముతక గింజకు చుట్టుకొలతలో పదో వంతు, ఆవాల్లాంటి సన్న గింజకు పదకొండో వంతు, వడ్లు, యవల్లాంటి ముల్లున్న గింజకు తొమ్మిదో వంతు ఎత్తుగా తీసుకోవాలి. 60 మూరల చుట్టుకొలతకు ముతక గింజ 600 ఘనమూరలు, ముల్లున్నది 666కు పైగా, సన్నది 545కు పైగా వస్తాయి. ఈ వంతులు గాల్లోంచి పుట్టలేదు. కోణాలుగా మారిస్తే సుమారు 32, 35, 30 డిగ్రీల వాలు. ముల్లున్న గింజలు ఒకదాన్నొకటి పట్టుకొని నిటారుగా నిలుస్తాయి, నున్నటి ఆవాలు జారిపోతాయి.

ఇందులో π విలువ 3 అనుకోవడం వల్ల జవాబు నూటికి దాదాపు ఐదు ఎక్కువ వస్తుంది. గోడకు ఆనించి పోసిన రాశి సగమే కాబట్టి చుట్టుకొలతను రెట్టించి లెక్కకట్టి, వచ్చినదాన్ని సగం చేయమన్నాడు. గది లోపలి మూలలో నాలుగు రెట్లు, వెలుపలి మూలలో ఒకటీ మూడో వంతు రెట్లు. చివర మళ్లీ వాటితోనే భాగించాలి.

ఇది కొలపాత్ర ముట్టుకోకముందు కంటితో వేసే అంచనా. ఆ తర్వాత కొలత మొదలవుతుంది: తెలుగునాట 4 కుంచాలు తూము, 20 తూములు పుట్టి. ఛత్తీస్‌గఢ్ వరి మైదానంలో, రాయపూర్ జిల్లా ధర్సీవా వైపు, కాఠాలు 20 అయితే ఒక ఖండీ. ఇప్పుడు రెండుచోట్లా వడ్లు క్వింటాళ్ల తూకంలోనే అమ్ముడవుతున్నాయి. ఇసుక, కంకర, బొగ్గు కుప్పలను అంచనా కట్టేవాళ్లకు మాత్రం చుట్టుకొలత, ఎత్తు, మూడో వంతు ఇప్పటికీ కావాలి.