జ్ఞాతిఘృష్టం: ధనుర్వేదంలో వెదురు ఎంపిక

విల్లుకు పనికివచ్చే వెదురును గుర్తించి నరికే పద్ధతి ధనుర్వేద గ్రంథాలలో కొద్ది శ్లోకాలలోనే ముగుస్తుంది. వాటిని పైపైన చదివితే శకునాల పట్టికలా తోస్తాయి. వాటి వెనుక పొదల మధ్య తిరిగిన పనివాని అనుభవం ఉన్నదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

ముందుగా పేర్ల సంగతి. కావ్యభాషలో కార్ముకం, కోదండం, ధనువు పర్యాయపదాలు. ఛందస్సుకు ఏది ఒదిగితే అది వాడుతారు. కౌటిల్యుని అర్థశాస్త్రంలోని ఆయుధాగార ప్రకరణం వాటిని వేరుచేస్తుంది: తాటిమానుతో చేసినది కార్ముకం, చాపమనే వెదురుతో చేసినది కోదండం, దారువుతో చేసినది ద్రూణం, కొమ్ముతో చేసినది ధనువు. శతపథబ్రాహ్మణంలో ‘కార్ముక’ శబ్దానికి కృముకమనే చెట్టు కర్రతో చేసినదని అర్థం. పాణిని దానినే ‘కర్మ’ నుండి సాధించాడు. ఆ వ్యుత్పత్తితో చెట్టు మరుగున పడింది.

వాసిష్ఠ ధనుర్వేదం వర్జించిన వెదుళ్లలో ముఖ్యమైనవి ఐదు: బాగా ముదిరిపోయినది, పక్వం కానిది, ‘జ్ఞాతిధృష్టం’, కాలినది, రంధ్రం పడినది. లేతది విరుగుతుంది, ముదిరినది కరకుగా ఉంటుంది అన్న మొదటి రెండు ఫలితాలూ స్పష్టమే. మూడవదానికి చెప్పిన ఫలితం బంధువులతో కలహం. చిక్కంతా ఇక్కడే. ముద్రిత పాఠంలోని ‘ధృష్ట’కు ఇక్కడ అన్వయం కుదరదు. దేవనాగరిలో ధకార ఘకారాలు తారుమారు కావడం లేఖకులకు కొత్త కాదు. ‘ఘృష్ట’మని చదివితే, తన పొదలోని తోటి వెదుళ్లతో రాసుకొన్నదని అర్థం వస్తుంది. గాలికి బొంగులు ఒరుసుకొన్నప్పుడు దెబ్బ తినేది పైతొక్క. వెదురులో నార దట్టంగా ఉండేదీ ఆ పైభాగంలోనే. విల్లు వంచినప్పుడు లాగుడంతా భరించేది విలుకాడికి అవతలివైపున ఉండే ఆ పొరే. అక్కడ గీత పడితే చీలిక అక్కడే మొదలవుతుంది. జ్ఞాతికలహమన్నది ఆ గాయానికి పెట్టిన గుర్తు. శ్లోకాన్ని కంఠస్థం చేసేవానికి అంతకంటె మరపురాని గుర్తు దొరకదు.

కాలం విషయంలో అగ్నిపురాణం మరింత సూటిగా ఉంది. అది చందనం, వేతసం, సాలం, కకుభం (మన మద్ది) మొదలైన కర్రలను పేర్కొని, శరత్తులో తెచ్చిన వెదురుతో చేసిన విల్లే అన్నిటిలో శ్రేష్ఠమంటుంది. కొత్త పిలకలు వానకాలంలో లేచి కొద్ది నెలలలోనే పూర్తి ఎత్తుకు వస్తాయి. ఆపైన పెరుగుదల ఉండదు, గట్టిపడటమే. అందుకు మూడు నాలుగేండ్లు పడుతుంది. వానలు వెనుకబట్టి ఎదుగుదల ఆగాక నరికిన పాత బొంగులో పిండిపదార్థం తగ్గి ఉంటుంది కనుక పుచ్చు తక్కువ. ఐదవ దోషమైన రంధ్రానికీ ఈ ఋతునియమానికీ సంబంధం ఉండవచ్చు.

కణుపుల లెక్క ఒకటి మిగిలింది. మూడు, ఐదు, ఏడు, తొమ్మిది గ్రాహ్యం. నాలుగు, ఆరు, ఎనిమిది వర్జ్యం. బేసిసంఖ్య అయితే నడిమి కణుపు పిడికిట పడి, రెండు కొమ్మలకూ సమానంగా కణుపులు వస్తాయి. ఉత్తమమైన విల్లు పొడవు నాలుగు హస్తాలు. కణుపుల ఎడం మొదట ఒక తీరుగా, పైన మరొక తీరుగా ఉంటుంది కనుక, ఆ కొలతలో బేసి కణుపులు ఎక్కడ పడతాయో బొంగు నిలిచి ఉండగానే లెక్కించి, ఆ తర్వాతే కత్తి వేయాలి.